ఓక్ ద్వీపపు ధనకూపము

నేడు ఓక్ ద్వీపమునకు పోయి, రెండు శతాబ్దములకు పైగా తరతరములవారిని ఆకర్షించిన ఆ ధనకూపము ఎచ్చటనున్నదని అడిగినచో, ఇదిగో ఇచ్చట అని నిస్సంశయముగా వ్రేలుపెట్టి చూపగలవారు ఎవ్వరును లేరు. మొదట త్రవ్విన గోతి ప్రక్కన మరియొక గోయి, అందలి నీటిని మరల్చుటకు ఇంకొకటి, అది కూలగా దానికి కొంత ఎడముగా వేరొకటి, ఇట్లు ఒకరి తరువాత ఒకరు త్రవ్వి, తుదకు మహాయంత్రములతో ఆ మెరకనంతయు పెల్లగించి మరల పూడ్చిన పిమ్మట, మూలకూపముయొక్క స్థానమే ఊహింపవలసిన విషయమైనది. నిధి ఉన్నదో లేదో తేలకమునుపే నిధి ఉన్నదనిన చోటు మాయమగుట ఈ కథయందలి మొదటి విచిత్రము. చోటు మాయమైనకొలది దానిని గూర్చిన సిద్ధాంతములు పెరుగుచు వచ్చుట రెండవది. ఈ రెండును వేర్వేరు సంగతులు కావనియు, మొదటిదియే రెండవదానికి కారణమనియు నా అభిప్రాయము.

కెనడా దేశపు తూర్పు కొసను, అట్లాంటికు మహాసముద్రములోనికి చొచ్చుకొనియుండు నోవా స్కోషియా రాష్ట్రమున, హేలిఫాక్సు నగరమునకు నైరుతిగా మహోన్ బే అను అఖాతము కలదు. అందు చిన్నవియు పెద్దవియునైన దీవులు వందలకొలదిగా చెదరియున్నవి. వానిలో ఒడ్డునకు మిక్కిలి చేరువగా, కేవలము రెండువందల మీటర్ల దూరమున నున్నది ఓక్ ద్వీపము. వైశాల్యము సుమారు 140 ఎకరములు. నిధికథకులు దీనిని మానవసంచారమెరుగని అజ్ఞాతద్వీపముగా వర్ణింతురు గాని, 1762లోనే ఆంగ్లప్రభుత్వపు సర్వేయరు దీనిని కొలిచి, నాలుగేసి ఎకరముల చొప్పున 32 భాగములుగా విభజించి, హద్దులు వేసియుండెను. కథ ఆరంభమగుటకు ముప్పది మూడేండ్ల ముందే ఈ నేలకు పటమును, భాగములకు హక్కుదారులును ఉండిరన్నమాట. ఈ చిన్న సంగతిని పాఠకుడు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

కథ యిట్లు చెప్పబడుచున్నది. 1795లో డేనియల్ మెక్‌గినిస్ అను యువకుడు ద్వీపపు తూర్పుభాగమున తిరుగుచుండగా, ఒకచోట నేల గుండ్రముగా క్రుంగియుండుటయు, దాని పైకి ఒక ఓక్ చెట్టు కొమ్మ సాగియుండుటయు గాంచెను. కొమ్మకు ఓడలలో బరువులెత్తు కప్పీ యొకటి వ్రేలాడుచుండెనని కొందరును, త్రాటి ఒరపిడి గుర్తులు మాత్రమే యుండెనని కొందరును చెప్పుదురు. మరునాడు జాన్ స్మిత్, ఆంథొనీ వాన్ అను మిత్రులను వెంటగొని వచ్చి అతడు త్రవ్వగా, రెండడుగుల లోతున పలకరాళ్ల వరుసయు, పదియడుగుల లోతున గోడలలోనికి గ్రుచ్చి పరచిన ఓక్ దుంగలును, ఇరువదింట మరల దుంగలును, ముప్పదింట మరల దుంగలును కనబడెను. ముగ్గురి బలము అంతటితో చాలక పోయెను. ఆబాలగోపాలము వినుటకు ఇంపుగా నుండుటకై వీరిని బాలురుగా చిత్రించుట వాడుకయైనది. కాని జాన్ స్మిత్ 1795 జూన్ నెలలోనే ఆ స్థలమును తన పేర క్రయమునకు పుచ్చుకొనియుండెను. దస్తావేజు వ్రాయించుకొని భూమి కొనగలవాడు ఆటలాడుకొను బాలుడు కాజాలడు.

1804 ప్రాంతమున ఆన్‌స్లో అను ఊరివారు ఒక సంఘముగా ఏర్పడి వచ్చి పని సాగించిరి. ప్రతి పదియడుగులకును దుంగలవరుస తగులుచుండెనట. ఒకచోట బొగ్గు, ఒకచోట లప్పము, ఒకచోట కొబ్బరి పీచు దొరకెనట. తొంబది అడుగుల ప్రాంతమున వింతగుర్తులు చెక్కిన రాతిపలక యొకటి బయటపడెనట. ఆ సాయంకాలము గడ్డపారతో పొడిచి చూడగా క్రింద గట్టివస్తువేదో తగిలినదని సంతసించి, మరునాడు ఉదయము పైకి తీయవచ్చునని వారు ఇండ్లకు పోయిరి. తెల్లవారి వచ్చి చూచుసరికి గోతిలో అరువది అడుగుల మేర నీరు నిలిచియుండెను. బొక్కెనలతో తోడిరి, పంపులు పెట్టిరి, ప్రక్కన నూటపది అడుగుల గోయి త్రవ్వి అడ్డముగా సొరంగము చేయజూచిరి, అదియు నిండెను. అది మంచినీరు కాదు, ఉప్పునీరు. సముద్రముయొక్క ఆటుపోటులతోపాటు హెచ్చుచు తగ్గుచుండెనని తరువాతివారు గమనించిరి.

ఈ నీరే కథకు ప్రాణము. గోయి ఎండియుండి, అడుగున ఏమియు లేకపోయినచో ఓక్ ద్వీపము పేరు సమీపముననున్న చెస్టర్ గ్రామమునకు ఆవల ఎవ్వరును ఎరుగకపోవుదురు. నీరు వచ్చి అడ్డుపడినందున, క్రింద ఏదియో ఉన్నదను నమ్మకమును పరీక్షించుట అసాధ్యమయ్యెను. పరీక్షింపజాలని నమ్మకమునకు మరణము లేదు. ఊట తగిలినదని సామాన్యుడు అనుకొనవలసిన చోట, నిధిని కాపాడుటకై ఎవరో మహాశిల్పి సముద్రమునే కావలి పెట్టెనని వీరు అనుకొనిరి. అంతటినుండి గోతిలోని బురద ఒక మేధావియొక్క సంకల్పమైనది. అటువంటి మేధావి ఎవడై యుండునో వెదకుటయే తరువాతి రెండువందల యేండ్ల పని.

ఇచ్చట ఒకింత ఆగి, ఈ వృత్తాంతము మనకెట్లు తెలిసినదని ప్రశ్నించుకొనుట ధర్మము. 1795 నాటిదిగాని, 1804 నాటిదిగాని, అప్పటివారు అప్పుడే వ్రాసిన కాగితము ఒక్కటియు వెలుగులోనికి రాలేదు. ఈ గోతిని గూర్చిన అచ్చుమాట మొట్టమొదట 1857లో ఒక స్థానిక వార్తాపత్రికలో కనబడుచున్నది. సవిస్తరమైన కథనములు 1860ల నాటివి. అనగా, జరిగినదనిన సంగతికిని అది అచ్చుపడుటకును నడుమ అరువదేండ్లకు మించిన కాలము కలదు. ఆ నడుమ కథ చెప్పినవారు ఎవరు? నిధికొరకు వాటాలు అమ్మి, సొమ్ము కూడబెట్టి, కొత్తవారిని చేర్చుకొనదలచినవారు. వారు అబద్ధమాడిరని నేననను. కాని పొయ్యియొద్ద పదే పదే చెప్పుకొనిన కథలో కొలతలు సరిపడి, పది, ఇరువది, ముప్పది అని లెక్కలు తీరుగా కుదురుకొనుట మానవస్వభావము. ఆ తీరైన కొలతలే నన్ను అనుమానమునకు లోను చేయుచున్నవి.

రాతిపలక సంగతి మరియు చిత్రమైనది. దానిని జాన్ స్మిత్ తన ఇంటి పొయ్యిగోడలో కట్టించుకొనెనని చెప్పుదురు. తరువాత అది హేలిఫాక్సులోని ఒక పుస్తకములు కట్టు దుకాణమునకు చేరి, అట్టలకు వాడు తోలును చదునుగా కొట్టుటకు దిమ్మెగా ఉపయోగపడెను. ఆ దుకాణమున దానిని ప్రత్యక్షముగా చూచి యెరిగినవాడు దానిపై ప్రాచీనలిపి యేదియు లేదని అనంతరకాలమున చెప్పెను. పిమ్మట పలక కనబడకుండ పోయినది. పలక పోయిన చాలకాలమునకు, త్రిభుజములు, చుక్కలు, గీతలు గల ఒక గుర్తుల వరుస దానిమీది వ్రాత యని ప్రచారములోనికి వచ్చెను. నలువది అడుగుల క్రింద ఇరువది లక్షల పౌనులు పాతిపెట్టబడియున్నవని దానికి అర్థము చెప్పబడుట, 1951లో వెలువడిన ఒక నిధికథల పుస్తకముతో లోకమున వ్యాపించెను. గుర్తులను పరిష్కరించుట ఏమంత కష్టము కాదు; ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క ఆంగ్లాక్షరము పెట్టుకొనుటయే. ఇంత కష్టపడి సముద్రమునే త్రవ్వి తెచ్చిన మహామేధావి, తన నిధియొక్క లోతును వెలను పాఠశాల పిల్లవాడు విప్పగల లిపిలో చెక్కి పైన పెట్టునా?

1849లో ట్రూరో సంఘమువారు వచ్చిరి. వీరు త్రవ్వుటకు బదులు బరమాతో బోరువేసి చూచిరి. తొంబదియెనిమిది అడుగుల కడ చెక్క తగిలెను. దాని క్రింద ఖాళీ, మరల ఓక్ చెక్క, పిమ్మట ఇరువదిరెండంగుళముల మేర లోహపు తునకలవంటివి, మరల చెక్క, మరల లోహము. ఒకదానిపై ఒకటి పెట్టిన రెండు పెట్టెలు అని వారు నిర్ణయించుకొనిరి. బరమా మొనకు మూడు చిన్న బంగారు గొలుసుకడియలు అంటుకొని వచ్చెనని చెప్పుదురు. ఇరువదిరెండంగుళముల ధనములో బరమా అన్నిమారులు దిగి లేచినను ఒక్క నాణెమైనను పైకి రాకపోవుట ఎట్లో నాకు బోధపడుట లేదు.

మరుసటి యేడు వారు చేసిన ఆవిష్కరణము మాత్రము త్రోసివేయదగినది కాదు. ధనకూపమునకు సుమారు ఐదువందల అడుగుల దూరమున స్మిత్స్ కోవ్ అను చిన్న ఇసుకరేవు కలదు. అచ్చట ఇసుకను తొలగింపగా సముద్రపు నాచును, దాని క్రింద కొబ్బరి పీచును, ఆ క్రింద మట్టిలేకుండ ఏరి పేర్చిన రాళ్లును, రాళ్ల నడుమ చేతివ్రేళ్లవలె వ్యాపించి ఒడ్డువైపు ఒకచోటికి కలియు కాలువలును బయటపడెను. ఇది మానవనిర్మితమనుటకు సందేహము లేదు. కొబ్బరిచెట్టు మొలచు నేల అచ్చటికి ఎంత దగ్గర యనుకొన్నను రెండువేల కిలోమీటర్లకు తక్కువ దూరము లేదు. కావున ఆ పీచు ఓడలమీద వచ్చినదియే.

కోనసీమలో పుట్టిపెరిగినవారికి ఈ పీచు గుణమును వేరుగ వర్ణింపనక్కరలేదు. నెలలతరబడి చప్పబడిన ఉప్పునీటిలో ఊరవేసి, దెబ్బలు కొట్టి, నార తీసి, పురిపెట్టి త్రాడు పేనినను దాని సత్తువ తగ్గదు. సముద్రపు నీటిని ఇంత ఓర్చుకొను నార మరియొకటి అరుదు. అందుకే నాటి ఓడలలో త్రాళ్లకును, సరకులు ఒండొంటితో ఒరసికొనకుండ అడుగున పరచుటకును దీనిని విస్తారముగా వాడిరి. ఓడ దించిన సరకుతోపాటు ఈ పీచు రేవుల యందు గుట్టలుగా మిగులును. కాలువలపై ఇసుక జారి పూడకుండ జల్లెడగా పరచుటకు, చవుకగా దొరకు ఈ పదార్థముకంటె తగినది లేదు. రేడియోకార్బను పరీక్షలలో ఈ పీచు సుమారు 1200కును 1400కును నడుమ కాలమునదని వచ్చినట్లు ప్రకటించుటతో, మధ్యయుగపు వీరులే దీనిని తెచ్చిరని వాదించువారు బయలుదేరిరి. పరీక్ష చెప్పునది కొబ్బరికాయ పండిన కాలము. దానిని ఇసుకలో ఎప్పుడు పరచిరో పరీక్ష చెప్పదు. అయినను ఈ తేదీ తేలికగా పరిష్కారమగు చిక్కు కాదని ఒప్పుకొనవలెను.

1861లో ప్రక్కల త్రవ్విన సొరంగముల కారణమున ధనకూపపు అడుగు కూలిపోయి, పెట్టెలనుకొనినవి ఏమైనవో తెలియని అగాధములోనికి జారెను. ఆ యేడే ఆవిరిపంపు బాయిలరు పగిలి ఒకడు మరణించెను. 1893లో ఫ్రెడరిక్ బ్లేయర్ అను యువకుడు కొత్తసంఘము స్థాపించి, తన జీవితశేషమంతయు ఈ గోతికి ధారపోసెను. 1897లో మేనార్డ్ కైజర్ అను కూలివాడు త్రాడు కప్పీనుండి తప్పి క్రిందపడి చనిపోయెను. ఆ యేడే నూటయేబదిమూడు అడుగుల లోతున సిమెంటువంటి పదార్థమును, చెక్కయు తగిలి, బరమా తెచ్చిన మట్టిలో బియ్యపుగింజంత చర్మపత్రపు తునక యొకటి కనబడెను. దానిపై సిరాతో వ్రాసిన రెండక్షరములు ఉండెను. తక్కిన కథయంతయు పోయినను ఆ తునక నిలుచును. నిధివాదులకు నేటికిని అది గట్టి ఆధారము. కాని అప్పటికి నూరేండ్లుగా మనుష్యులు ఆ గోతిలో దిగుచు, ఎక్కుచు, కూల్చుచు, పూడ్చుచు నుండిరి. పైనున్నది క్రిందికి జారుటకు అంతకంటె అనుకూలమైన చోటు లోకమున లేదు. 1909లో కొంతకాలము ఇచ్చట పనిచేసిన సంఘమున ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు అను యువన్యాయవాది యుండెను. అమెరికా అధ్యక్షుడైన తరువాతను అతడు ఈ ద్వీపపు వార్తలను ఆసక్తితో కనుగొనుచుండెను. ఆ సంఘనాయకుడైన బౌడిన్ మాత్రము అచ్చట నిధి లేదని 1911లో పత్రికాముఖముగా ప్రకటించెను.

ఇక సిద్ధాంతములు. వానిలో మొదటిదియు, సహజమైనదియు కేప్టెన్ కిడ్. ఈ ఓడదొంగ 1701లో లండనులో ఉరితీయబడెను. అతడు 1699లో న్యూయార్కు సమీపమున గార్డినర్ ద్వీపమున కొంత ధనమును పాతిపెట్టుట నిజము. అధికారులు దానిని త్రవ్వి స్వాధీనపరచుకొనుటయు నిజము. ఆ ఒక్క నిజమునుండి ఉత్తర అమెరికా తీరమంతట కిడ్ నిధులు మొలచెను. ఈ సిద్ధాంతము ఒక బుద్ధిమంతుని ఎంతదూరము తీసికొనిపోయెనో చూచిన యెడల, తక్కినవానిని గూర్చి వేరుగ చెప్పవలసినది తగ్గును. గిల్బర్టు హెడెన్ న్యూజెర్సీలో ఉక్కువ్యాపారము నడపిన సంపన్నుడు. 1935లో ద్వీపపు తూర్పుభాగమును కొనెను. ఆ యేడే హెరాల్డ్ విల్కిన్స్ అను ఆంగ్లరచయిత కిడ్‌ను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. అందొక దీవి పటమును, ఇన్ని కొలతలు పడమరకు, ఇన్ని తూర్పునకు, ఇన్ని నైరుతికి అని కొన్ని సూచనలును ఉండెను. ఆ పటము ఓక్ ద్వీపమును పోలియుండెనని హెడెన్‌కు తోచెను. సూచనలనుబట్టి కొలువగా, తొలిచిన రంధ్రము గల రాయి యొకటి, కొంతదూరమున అట్టిదే మరియొకటి దొరకెను. ఆ రెంటినుండి లెక్కించిన చోట గడ్డి తొలగింపగా, రాళ్లతో కూర్చిన పెద్ద త్రిభుజమొకటి బయటపడి, దాని నడిమిగీత ధనకూపమువైపు చూపుచుండెను. ఇంతకంటె ప్రత్యక్షప్రమాణము ఏమి కావలయును? హెడెన్ 1937లో సముద్రము దాటి ఇంగ్లండునకు పోయి విల్కిన్సును కలిసికొనెను. ఆ పటమును, సూచనలను తానే కల్పించితిననియు, ఓక్ ద్వీపము పేరైనను తానెన్నడు వినలేదనియు రచయిత తెలిపెను.

ఈ ఉదంతమును నేను చాలమారులు తలపోసితిని. కల్పితమైన పటము నిజమైన రాళ్లను చూపెను! రాళ్లు అబద్ధము కావు, కొలతలు అబద్ధము కావు. వానిని కలిపిన గీత మాత్రము వెదకువాని మనస్సునుండి వచ్చినది. సర్వే రాళ్లతోను, రైతుల హద్దురాళ్లతోను, త్రవ్వకగాండ్రు వదలిన గుర్తులతోను నిండిన ద్వీపమున ఏ పటమునకైనను సరిపడు మూడు రాళ్లు దొరకకుండునా? ఈ ద్వీపముపై వెలసిన రేఖాగణితమంతయు, రాళ్లతో శిలువ, నక్షత్రములతో సామ్యము మొదలైనవన్నియు, నాకు ఈ కారణముచేతనే నమ్మదగినవిగా తోచవు.

ఫ్రాన్సిస్ బేకన్ వాదము పండితులకు ప్రీతికరము. షేక్‌స్పియర్ నాటకములు బేకన్ వ్రాసినవనియు, వాని వ్రాతప్రతులు పాదరసములో భద్రపరుపబడి ఈ గోతిలో ఉన్నవనియు కొందరి తలంపు. చర్మపత్రపు తునక దీనికి ఊతమాయెను. బేకన్ 1626లో చనిపోయెను. అతని కాలమున నోవా స్కోషియా తీరమున నూరడుగుల గోయి త్రవ్వింపగల ఆంగ్లేయుల వసతి లేదు. ఒక కవికీర్తిని మరియొకరికి కట్టబెట్టుటకు సముద్రపు టడుగున సాక్ష్యము వెదకవలసి వచ్చుటయే ఆ వాదముయొక్క బలహీనతను చాటుచున్నది.

దేవాలయవీరుల వాదము నేడు అన్నిటికంటె ప్రచారము పొందినది. టెంప్లర్లను ఆ వీరులను 1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు చెరబట్టించెను. వారి ధనము స్కాట్లండు మీదుగా హెన్రీ సింక్లేర్ అను ప్రభువుచేత అమెరికాకు చేర్చబడెనని చెప్పుదురు. ఆ ప్రభువు సముద్రయానమునకు ఆధారము 1558లో వెనిసునగరమున అచ్చయిన ఒక కథనము. అందు సింక్లేర్ పేరైనను లేదు, అది కల్పితమని చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. కల్పితగ్రంథముమీద ఊహ, ఊహమీద గోయి! 1762లో హవానా నగరమును కొల్లగొట్టిన ఆంగ్లసేనానులు కొంత సొమ్ము దాచిరనియు, ఫ్రెంచివారు లూయీబర్గ్ కోట జీతపు సొమ్మును ఇచ్చట పాతిరనియు, మేరీ ఆంట్వానెట్ రాణి ఆభరణములు ఇచ్చట చేరెననియు గల వాదములు ఎవరి దేశాభిమానము ననుసరించి వారు చేసినవి. వానికొరకు ఎక్కువ సిరా వ్యయము చేయదలచలేదు.

ఒక్క వాదమును మాత్రము నేను కోపములేక చెప్పజాలను. శామ్యూల్ బాల్ అను నల్లజాతీయుడు దక్షిణ కరొలినాలో దాస్యములో పుట్టి, అమెరికా స్వాతంత్ర్యసమరమున ఆంగ్లేయులపక్షము చేరి విముక్తుడై, 1780లలో ఈ ద్వీపమున స్థిరపడి, కాబేజి మొదలైన పంటలు పండించి, ఎకరము వెంట ఎకరము కొనుక్కొని, సంపన్నుడైన రైతుగా 1845లో దేహము చాలించెను. దాసుడొకడు ఇంత ఆస్తి ఎట్లు గడించెను, నిధి దొరికియుండవలెనని నేటికిని వ్రాయువారు కలరు. అతని పొరుగున భూములు కొనిన తెల్లవారిని గూర్చి ఎవ్వరును ఈ ప్రశ్న వేయలేదు. అరువదేండ్ల చెమటను ఒక్క పెట్టెలోని నాణెములకు లెక్కకట్టుట అన్యాయము. ఈ ద్వీపమున నిశ్చయముగా ధనము సంపాదించినవాడు శామ్యూల్ బాల్. దానిని నేలపైన సంపాదించెను.

1959లో రాబర్టు రెస్టాల్ భార్యాబిడ్డలతో వచ్చెను. అతడును అతని భార్య మిల్‌డ్రెడ్‌ను, ఇనుపపంజరపు గోళములో మోటారుసైకిళ్లు త్రిప్పు సాహసప్రదర్శనలతో జీవించినవారు. ఉన్నదంతయు వెచ్చించి, కుళాయినీరైనను లేని చిన్న గుడిసెలలో ఆరేండ్లు వారు ఓర్పుతో పనిచేసిరి. 1965 ఆగస్టు 17న ఒక గోతిలో చేరిన విషవాయువువలన రెస్టాల్ మూర్ఛిల్లి పడెను. తండ్రిని రక్షింపబోయి కుమారుడు దిగెను. వానిని రక్షింపబోయి కార్ల్ గ్రేజర్, సిరిల్ హిల్ట్జ్ అనువారు దిగిరి. నలుగురును మరణించిరి. చూడవచ్చిన యాత్రికులలో నుండిన ఒక అగ్నిమాపకోద్యోగి నడుమునకు త్రాడు కట్టుకొని దిగి ఇంకొకనిని సజీవుని పైకి చేర్చెను. ఈ నలుగురితో ద్వీపము పొట్టనబెట్టుకొనినవారు ఆరుగురైరి. ఏడుగురు చచ్చినగాని నిధి దక్కదని ఒక శాపకథ ప్రచారములోనుండుట ఎంతటి క్రౌర్యము! గుప్తనిధికి బలి కావలెనను నమ్మకముచేత మన సీమలయందు జరిగిన ఘోరములను వినినవారికి ఈ శాపకథ వినోదముగా నుండదు. ఒక తల్లి ఒకేదినమున భర్తను, పెద్దకుమారుని పోగొట్టుకొనిన చోట, ఇంకొక్కడు మిగిలియున్నాడని లెక్కించుటను నేను సహింపజాలను.

ఆ యేడే రాబర్టు డన్‌ఫీల్డ్ అను భూగర్భశాస్త్రవేత్త ఒడ్డునుండి ద్వీపమునకు రాతికట్టను పోయించి, డెబ్బది టన్నుల క్రేనును తెచ్చి, నూరడుగుల వెడల్పును, నూటముప్పదినాలుగు అడుగుల లోతును గల మహాఖాతమును త్రవ్వెను. వానలకు గట్లు జారి అంతయు బురదయయ్యెను. పురాతన సాక్ష్యముగా ఏదైన మిగిలియున్నచో ఆ శరత్కాలమున అది సమసినది. 1965 జనవరి రీడర్స్ డైజెస్టులో వచ్చిన ఒక వ్యాసము చదివి డేనియల్ బ్లాంకెన్‌షిప్ అను కంట్రాక్టరు ద్వీపమునకు వచ్చి, ట్రైటన్ అను త్రవ్వకపు సంఘమున చేరి, 10-ఎక్స్ అను బోరును రెండువందల ముప్పది అడుగులకు పైగా దించెను. 1971లో అందులో దించిన కెమెరాలో పెట్టెలును, మానవహస్తమును కనబడెనని అతడు విశ్వసించెను. ఆ వ్యాసమునే బాల్యమున చదివిన రిక్ లగీనా తన సోదరుడు మార్టీతో కలిసి నేడు అచ్చట త్రవ్వించుచున్నాడు; 2014 నుండి వారి ప్రయత్నము టెలివిజను ధారావాహికగా ప్రపంచమంతయు చూచుచున్నది. అచ్చయిన మాట మనిషిని గోతికి తెచ్చుట, గోయి మరల అచ్చయిన మాటను పుట్టించుట ఇట్లు సాగుచునే యున్నది.

నేల ఏమి చెప్పుచున్నది? ఆ ప్రాంతపు అడుగుపొరలో సున్నపురాయియు, జిప్సమును కలవు. ఇవి నీటికి కరగును. కరిగినచోట గుహలేర్పడి, పైమట్టి ఎప్పుడో దిగబడి గుంటయగును. గాలికి కూలిన చెట్లును, మానులును, కార్చిచ్చు బొగ్గును ఆ గుంటలో పొరలు పొరలుగా చేరును. 1878లో ఈ ద్వీపముననే ఒక స్త్రీ దున్నుచుండగా ఎద్దుల కాళ్ల క్రింద నేల దిగబడి గోయి ఏర్పడెను. 1949లో అఖాతపు ఒడ్డున బావి త్రవ్వువారికి రెండడుగుల లోతున రాళ్లవరుసయు, దాని క్రింద అక్కడక్కడ దుంగలును, వానిలో కొన్ని కాలినవియు తగిలెను. అచ్చట నిధియున్నదని ఎవ్వరును చెప్పలేదు. 1995లో వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర పరిశోధనాలయమువారు బోరులో రంగు కలిపి చూడగా అది సముద్రమున ఎచ్చటను పైకి రాలేదు. ద్వీపములోని మంచినీటి పొరయు, ఆటుపోటుల ఒత్తిడియు కలియుటవలననే నీరు చేరుచుండవచ్చునని వారు తలంచిరి. 1898లో పోసిన ఎర్రరంగు దక్షిణపు టొడ్డున పైకి వచ్చెనని చెప్పుదురు. అదియు నిజమైనచో, రాతిపగుళ్ల ద్వారా నీరు పోవుటకు దృష్టాంతమగునే గాని సొరంగమునకు ప్రమాణము కాదు.

మరి స్మిత్స్ కోవ్ కాలువలు? చేపలు ఎండబెట్టి ఎగుమతి చేసిన ఆ తీరమునకు ఉప్పు నిత్యావసరము. పోటునీటిని రాళ్లగుండ వడకట్టి ఒకచోటికి చేర్చు ఏర్పాటు ఉప్పు కాచువారిది కావచ్చునని కొందరు పరిశోధకులు చూపిరి. ఓడల పలకల సందులను పూయుటకు పైను చెట్ల దుంగలను గోతిలో పేర్చి, మట్టికప్పి, నెమ్మదిగా కాల్చి తారు దించు పని ఇచ్చట జరిగియుండవచ్చునని ఇటీవల జాయ్ స్టీల్, గోర్డన్ ఫేడర్ అనువారు వాదించిరి. బొగ్గు, దుంగలు, మట్టిపొర మూడును ఆ పనికి కావలసినవే. ఇందు ఏది సరియో తేలలేదు గాని, ఇవి రెండును చేతులతో పనిచేసిన సామాన్యులను ద్వీపమున ఉంచుచున్నవి. తక్కిన సిద్ధాంతములకు రాజులు, ప్రభువులు, మహాకవులు కావలసివచ్చెను.

నా నిర్ణయమును దాచుకొనను. 1795 నాటి గుంట సహజముగా క్రుంగిన నేల. రేవులోని కట్టుబడి పనివారి కట్టుబడి. నిధి 1849 నుండి 1864 వరకు వాటాదారుల నడుమ పెరిగిన కథ. దీనిని త్రోసివేయుటకు బంగారమే దొరకనక్కరలేదు. 1857నకు ముందు ఎవరైన ఈ గోతిని గూర్చి వ్రాసిన ఒక్క ఉత్తరము, ఒక్క కోర్టుకాగితము, ఒక్క పద్దుపుస్తకపు పుట దొరకినచో నేను నా మాటను మార్చుకొందును. బ్లేయరునకును హెడెన్‌కును న్యాయవాదిగా నుండి 1958లో ఈ రహస్యముపై గ్రంథము వ్రాసిన ఆర్. వి. హారిస్ కాగితములు హేలిఫాక్సులోని నోవా స్కోషియా అభిలేఖాగారమున భద్రముగా నున్నవి. చదువగోరువారికి అవి తెరచియే యున్నవి. మన తెలుగు విద్యార్థులు ఆ నగరపు విశ్వవిద్యాలయములలో నేడు చదువుచున్నారు. వారిలో ఈ కథయం దాసక్తి గలవారు, ద్వీపపు రాతికట్టవైపు కారు మరల్చుటకు ముందు, ఒక మధ్యాహ్నము ఆ అభిలేఖాగారమున కూర్చుండి ఆ కాగితములు చదువవలెనని నా కోరిక.